ముఠా ఫోను

కొత్త ఫోను చేతికొచ్చి వారం తిరగకముందే దాన్ని తీసుకెళ్లి సాగర్ కాల్వలో పడేయాలనిపించింది ఏసమ్మకు. పడేసేదే. కానీ అందులో ఉన్న సిమ్ము ఆమెది. గరిడేపల్లి చుట్టుపక్కల రైతులు నాట్లకైనా, కలుపుకైనా, మిరపకాయ ఏరడానికైనా ఆ నంబరుకే ఫోను చేస్తారు. పాతికమంది ఆడవాళ్ల పని దాని మీదే నడుస్తుంది. ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ముఠాకు మేస్త్రి. అందుకని కాల్వలో పడేయకుండా రొండిన దోపుకుని, కొడుకును మాత్రం కసితీరా తిట్టుకుంది.

కొడుకు మహేష్ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లారీలకు లోడు ఎత్తించే పని చూస్తాడు. చెడ్డవాడేం కాదు. అదే వచ్చిన తంటా. చెడ్డవాడైతే చెడామడా తిట్టి ఊరుకోవచ్చు. పోయిన ఆదివారం ఏసమ్మ చర్చి నుంచి వచ్చేసరికి, అద్దంలా మెరిసే ఫోను ఒకటి పట్టుకుని గడప ముందు నవ్వుతూ కూర్చున్నాడు.

"నీ డబ్బా ఫోను పక్కకు వెట్టే అమ్మా. దీంట్ల నీ మనవరాలిని కండ్లార సూస్కుంట మాట్లాడొచ్చు" అన్నాడు.

ఆమె మాట వినకుండా పాత ఫోను లాక్కుని, బండి మీద హుజూర్‌నగర్ పోయి, షాపులో సిమ్మును కొత్తదానికి పట్టేట్టు చిన్నగా కోయించుకొచ్చాడు. పాతదాంట్లో ఉన్న పేర్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించానని, ఒక్కటంటే ఒక్కటి పోలేదని గొప్పగా చెప్పాడు. కోడికూరతో కడుపునిండా తిని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

పేర్లట పేర్లు! ఏసమ్మకు పేర్లతో ఏం పని? ఆమెకు చదువు రాదు. పాత ఫోనులో ఆమె ఏనాడూ పేరు వెతికింది లేదు. రెండో మీట అదిమి పట్టుకుంటే ఆటో గేమ్యా పలికేవాడు. మూడో మీట కోదాడ సుగుణమ్మ. నాలుగు అదిమితే రైతు గురవయ్య. నడిమధ్య ఐదో మీట మీద చిన్న బొడిపె ఉంటుంది. వేలితో ఆ బొడిపెను తడుముకుంటే చాలు, ఎవరు ఎక్కడున్నారో చెయ్యే చెప్పేది. మోకాలి లోతు బురదలో నిలబడి, ఒక చేత్తో నారు పట్టుకుని, రెండో చెయ్యి చీరకు తుడుచుకుని, ఫోను వంక చూడకుండానే రైతులతో మాట్లాడి పనులు ఒప్పుకునేది. ఇప్పుడు చేతిలో ఉన్నది నున్నటి పలక. ఊరికే పట్టుకుంటే దానంతటదే ఏవేవో తెరుచుకుంటాయి. కావాలని ఒత్తితే కదలదు, మెదలదు. ఏళ్ల తరబడి నారు పీకి, నాట్లు వేసి కాయలు కాసిన వేళ్లు దానికి వేళ్లలాగే అనిపించలేదు.

పక్కింటి లత నాలుగు ముక్కలు నేర్పింది. పదో తరగతి చదివి, ఈ ఏడే ముఠాలో చేరిన పిల్ల. "గేమ్యా పేరు అన్నిటికన్న పైన వెట్టిన పెద్దమ్మా. దాని మీద మెల్లగ తట్టు, గంతే" అంది. నేర్పేటప్పుడు ఆ పిల్ల పెదవి చివర చిన్న నవ్వు కనపడింది. నిజంగా నవ్విందో లేదో దేవుడికి తెలియాలి. ఏసమ్మకు మాత్రం కనపడింది. "తెల్సులేవే, నాకు జెప్పొస్తున్నవ్" అని ఫోను లాగేసుకుంది. ఎత్తడం ఎలాగో నేర్చుకోవడం ఆ కోపంలో ఎగిరిపోయింది.

ఆ వారంలో అన్నిటికంటే పెద్ద పని సుగుణమ్మది. సుగుణమ్మ కోదాడలో ఉంటుంది, పొలం మాత్రం గరిడేపల్లి దగ్గర. వ్యవసాయం ఆమే చూసుకుంటుంది. ఆమెదీ, ఆమె అన్నదమ్ములదీ కలిపి ఆ కాల్వ కింద బోలెడు పొలం. ఏటా మొదటి నాటు ఏసమ్మ ముఠాదే. ఈసారి నారు ముదిరిపోతోంది. పైగా ఆదివారం కాల్వకు నీళ్లు కట్టేస్తారని కబురొచ్చింది. పొలం దమ్ము చేయించి, నారు పీకించి కట్టలు కట్టించింది సుగుణమ్మ. కాల్వ కట్టేసేలోపు నాటు పడకపోతే నారు పనికిరాదు, దమ్ము చేసిన పొలం నెర్రెలిస్తుంది. "శుక్రవారం పొద్దుగాల్నే దిగుతం, మీరు పరేషాన్ గావొద్దు" అని ఏసమ్మ ఎదురుగా నిలబడి మాట ఇచ్చింది.

ముఠాలో ఒక పద్ధతి ఉంది. ఫోనులో మాట్లాడితే నిమిషానికింత అని డబ్బులు కరిగిపోయే కాలంలో పెట్టుకున్నది. ముందురోజు పొద్దుగూకే వేళ గేమ్యాకు ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే, తెల్లారి నీళ్ల ట్యాంకు దగ్గరికి ట్రాలీ ఆటో తీసుకురమ్మని. రెండు ఇస్తే రేపు పని లేదు, నీ బేరం నువ్వు చూసుకోమని. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా ఎవరూ ఏమీ అనరు. అయినా ఆ పద్ధతి అలాగే ఉండిపోయింది. గేమ్యాకూ అదే అలవాటు, ఏసమ్మకూ అదే అలవాటు.

గురువారం పొద్దుగూకాక ఏసమ్మ పైన ఉన్న పేరు మీద మెల్లగా తట్టింది. చెవి దగ్గర పెట్టుకుంది. లోపల ఏదో గుర్రుమంది. కట్ చేద్దామని చెవి దగ్గరనుంచి తీస్తే అద్దమంతా నల్లగా ఉంది. ఇటు ఒత్తింది, అటు ఒత్తింది. వెలుగొచ్చింది, ఆరిపోయింది, మళ్లీ వచ్చింది. గేమ్యాకు పోయిందో లేదో అర్థం కాలేదు. పాత ఫోనైతే ఎర్ర మీట కింద వేలికి టక్కున తెలిసేది. పోలేదనే అనుకుని మళ్లీ తట్టింది. ఈసారి స్పష్టంగా మోగడం వినిపించింది, వెంటనే కట్ చేసింది. "సావు, ఇప్పటికి పోయింది" అని ఫోనును తిట్టి అన్నం తిని పడుకుంది.

శుక్రవారం తెల్లవారేసరికి సద్ది గిన్నెలు పట్టుకుని అందరూ నీళ్ల ట్యాంకు దగ్గరికి వచ్చారు. ఆటో రాలేదు. పొద్దెక్కింది. ఆటో రాలేదు. గేమ్యాను మనసులో తిట్టుకుంటూ ఏసమ్మ దారి వైపు చూస్తుంటే రొండిలో ఫోను మోగింది. తీసింది. అద్దం మీద ఆకుపచ్చ గుండ్రం గంతులేస్తోంది. దాన్ని ఒత్తింది. మోగుతూనే ఉంది. గట్టిగా ఒత్తింది. గోటితో పొడిచింది. మోగి మోగి ఆగిపోయింది.

"సుగుణమ్మ చేస్తుంది పెద్దమ్మా. ఇటియ్యి, నేను మాట్లాడ్త" అని లత చెయ్యి చాపింది.

"ఎందుకే, నాకు రాదా? నా చెయ్యి ఏమన్న ఇరిగిందా?" ఏసమ్మ ఆ చేతిని తోసేసింది.

ఫోను మళ్లీ మోగింది. పాతికమంది చూస్తున్నారు. ఏసమ్మ ఆకుపచ్చదాన్ని ఎంత ఒత్తినా అది గంతులేయడం మానలేదు. మూడోసారి మోగేసరికి ఆమెకు చెమటలు పట్టాయి. చెమట వేలు జారి పక్కనున్న ఎర్రదాని మీద పడింది. ఫోను టక్కున ఆగిపోయింది. ఆమె దాన్ని రొండిలో కుక్కుకుని, "ఆటోల వొయ్యినంక మాట్లాడుకుందంలే" అంది ఎవరి ముఖమూ చూడకుండా.

ఆ తర్వాత కొద్దిసేపటికే సుగుణమ్మ స్కూటీ మీద వచ్చి ట్యాంకు ముందు ఆపింది. దిగను కూడా దిగలేదు.

"ఏంటి ఏసమ్మా ఇది? నేను గట్టు మీద నిలబడి మూడుసార్లు చేశాను. ఎత్తవు. పైగా కట్ చేస్తావా?"

ఎత్తరాలేదు సుగుణమ్మా, అంటే అయిపోయేది. ఆ ఒక్క మాట ఏసమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వెనక ముఠా మొత్తం నిలబడి ఉంది. ఏ గట్టున ఎవరు నిలబడాలో, ఎవరు నారు అందించాలో, ఎప్పుడు అన్నానికి లేవాలో ఇన్నేళ్లుగా ఆమె చెబితే విన్నవాళ్లు. వాళ్ల ముందు ఫోను ఎత్తడం రాదని చెప్పాలా? లత పక్కనే ఉంది. ఏసమ్మకు ఒళ్లంతా మంట లేచింది.

"ఎత్తలె. ఎత్తబుద్ధి గాలె" అంది. అన్నాక ఇక ఆగలేదు. "పోయినేడు మీ పొలంల ఎండకు సస్తుంటే తాగ మంచినీళ్లు గూడ అంపలె మీరు. గియ్యాల నారు ముదిరేసరికి యాదికొచ్చిందా ఏసమ్మ?"

సుగుణమ్మ ముఖం జేవురించింది.

"పని ఒప్పుకున్నప్పుడు గుర్తురాని నీళ్లు ఇప్పుడు గుర్తొచ్చాయా? ఇంకెవరో ఎక్కువ ఆశపెట్టుంటారు, అటు మళ్లావు. మీ బుద్ధులు నాకు తెలియవా! ఇక నీ ముఠా మా పొలంలో గానీ, మా వాళ్ల పొలాల్లో గానీ అడుగుపెడితే ఒట్టు."

స్కూటీ దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. 'మీ బుద్ధులు' అన్న మాట మాత్రం వెళ్లలేదు. ఎవరి బుద్ధులని అన్నదో అక్కడున్న అందరికీ తెలుసు. ఏసమ్మ ఒక్కతి నోరు జారితే ఆ మాట పాతికమందికి తగిలింది.

కాటమ్మ ముందుకొచ్చింది. ముఠాలో ఏసమ్మ తర్వాత పెద్దది ఆమే. "ఏంది వదినె గిది? మనం ఆటో కోసం గీడ నిలవడి కాళ్లు పీకవట్టె. ఎత్తబుద్ధి గాలేదంటవేంది?"

ఏసమ్మ జవాబు వెతుక్కునేలోపే హుజూర్‌నగర్ వైపు పోతున్న ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. గేమ్యాదే. వెనక సిమెంటు ఇటుకల లోడు.

"ఒరే గేమ్యా! రమ్మని కొడితే రావా? మమ్మల్ని నడిబజార్ల నిలవెట్టి ఇటుకలు మోస్తున్నవా?" అని ఏసమ్మ విరుచుకుపడింది.

గేమ్యా తెల్లబోయాడు. "నువ్వే గద ఏసమ్మక్కా రెండు కొట్టినవ్. పని లేదనుకుని నేను ఈ బేరం ఒప్పుకున్న. కావాల్నంటే సూడు" అని తన ఫోను చూపించాడు. చూపించి ఏం లాభం, ఏసమ్మకు చదవరాదు. లత తొంగి చూసి తలూపింది.

ఎవరైనా నవ్వినా బాగుండేది. నవ్వితే తిట్టొచ్చు. వాళ్లు జాలిగా చూశారు. కాటమ్మ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "పోనీ వదినె, గా ఫోను లత దగ్గర ఉండనియ్యి. పిల్ల సదువుకున్నది. నువ్వు జెప్పినట్టే మాట్లాడ్తది" అంది నెమ్మదిగా.

ఏసమ్మ ఆ చేతిని విదిలించి కొట్టింది. "నేను సచ్చినంక తీస్కోండ్రి!" అని అరిచింది. "నిన్నగాక మొన్న వొచ్చిన పోరికి నా ముఠానా? ఏమే లతా, నవ్వుతున్నవ్ గద? నవ్వు, బాగ నవ్వు!"

"నేనేడ నవ్విన పెద్దమ్మా? నేనేమన్న అడిగిన్నా?" అంది లత. ఏసమ్మ వినిపించుకోకుండా ఇంటి దారి పట్టింది.

ఇంటికొచ్చి పాత ఫోను తీసింది. కొత్త ఫోను పక్కన ఉండే చిన్న అరను పిన్నీసుతో పొడిచి సిమ్ము బయటికి లాగింది. పాతదాంట్లో పెడితే అది లోపలెక్కడో లొడలొడలాడింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది, కాగితం ముక్క అడ్డం పెట్టింది. పాత ఫోను ఏ కబురూ పలకలేదు. ఆ మీటలను వేలితో ఒకసారి తడిమి చూసేసరికి ఏడుపొచ్చింది. ఏడుపు రావడం చూసి మరింత కోపమొచ్చింది. సిమ్మును మళ్లీ కొత్తదాంట్లోనే పెట్టింది.

పెట్టీ పెట్టగానే అది మోగింది. విసుగ్గా తుడిచేసినట్టు చెయ్యి దాని మీద అటు నుంచి ఇటు రాసింది. మహేష్ ముఖం అద్దంలోకి వచ్చేసింది.

"అరె, ఎత్తినవే అమ్మా! వారం నుంచి చేస్తున్న."

అప్పుడు అర్థమైంది ఆమెకు. ఒత్తడం కాదు, జరపాలి. ఆ ముక్క చెప్పినవాడు లేడు. నేర్పబోయిన పిల్లను తనే తోలేసింది. వారం రోజుల మంట ఒక్కసారిగా కొడుకు మీదికి ఎగదన్నింది. వాడి ఫోనును, వాడి షాపును, సిమ్ము కోసిన చేతులను, అన్నిటినీ కలిపి తిట్టింది. ఏం జరిగిందో ఆ తిట్ల మధ్యలోనే చెప్పింది.

"మా మిల్లుల కాటా కాడ ముసలాయన గూడ ఇదే వాడుతుండమ్మా. నేర్సుకుంటే వస్తది. నీకెందుకు రాదు?" అన్నాడు మహేష్.

"ఆ ముసలాయన కింద పాతికమంది ఉన్నర్రా? ఆయనకు ఫోను రాకపోతే ఎవ్వరి పొలమన్న ఎండుతదా?" అని అరిచింది ఏసమ్మ. "నన్ను అడక్కుండ నా చెయ్యి నరికి, బంగారు చెయ్యి వెట్టిన అంటవేందిరా! నా చెయ్యి నాకు కావాలె!"

ఫోను ఎలా పెట్టేయాలో తెలియక ఆమె దాన్ని బియ్యం డబ్బా మీద బోర్లించి బయటికి నడిచింది.

నడుస్తూ నడుస్తూ సుగుణమ్మ పొలం దగ్గరికే వెళ్లింది. వెళ్లాలనుకుని బయల్దేరిందో, కోపం తీసుకెళ్లిందో ఆమెకే తెలియదు. మధ్యాహ్నపు ఎండలో దమ్ము చేసిన మడులు మెరుస్తున్నాయి. నారు కట్టలు గట్టు పొడవునా పడి ఉన్నాయి, కొసలు అప్పుడే వాలిపోతున్నాయి. సుగుణమ్మ గొడుగు కింద నిలబడి ఎవరికో ఫోను చేసి బతిమాలుతోంది. ఎవరూ దొరికినట్టు లేదు.

"సుగుణమ్మా! నాకు ఫోన్ ఎత్తరాదు!"

అది చెప్పుకోవడంలా లేదు, కొట్లాటకు పిలిచినట్టుంది. సుగుణమ్మ వెనక్కి తిరిగింది.

"గదే సంగతి. ఎత్తరాదు. పచ్చగ కనవడ్డదాన్ని ఒత్తిన. ఒత్తితే ఎత్తదంట, జరపాల్నంట! గేమ్యాకు ఒకటి కొట్టబోతే రెండు పోయినయి, గందుకే ఆటో రాలె. ఎవ్వడో ఆశవెడితే పోయిన్నంటవా? బుద్ధులంటవా? ఇన్నేండ్లల్ల నీ పొలం ఎన్నడన్న ఎండవెట్టిన్నా నేను?" కోపంలో మీరు కాస్తా నువ్వయిపోయింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

"ఆ ముక్క పొద్దున చెబితే నీ సొమ్మేం పోయింది?" సుగుణమ్మ కూడా అంతే గట్టిగా అరిచింది. "సగం రోజు పోయింది నాకు!"

"అందరి ముందట జెప్పాల్నా? మాట తప్పింది అన్నా పడ్డ గని, రాదు అనుడు నా నోట రాలె."

"బుద్ధులు అన్న మాట కోపంలో వచ్చింది. అనకుండా ఉండాల్సింది" అంది సుగుణమ్మ. "రేపు తెల్లారేసరికి ముఠాను దించు. ఆదివారం దాకా వేస్తే అందుకుంటుంది. కానీ ఒకటి. ఇక నుంచి ఫోన్ మీ ముఠాలో చదువుకున్న పిల్ల దగ్గరుండాలి. నేను ఆ పిల్లతోనే మాట్లాడతా."

"నేర్సుకుంట. ఇప్పుడే ఒకటి నేర్సిన" అంది ఏసమ్మ పళ్లు బిగబట్టి.

"నేర్చుకో. నువ్వు నేర్చుకునేదాకా నా నారు ఆగదు ఏసమ్మా. మా అన్నదమ్ముల నారు కూడా ఆగదు."

ఏసమ్మ కాదనొచ్చు. నీ పొలం నువ్వే నాటుకోమని చెప్పి గట్టు దిగి వెళ్లిపోవచ్చు. వెళ్తే పాతికమంది ఈ నాట్ల కాలమంతా ఇంట్లో కూర్చోవాలి, తన ఒక్కదాని పౌరుషానికి. గట్టు మీది నారు కట్టను కాలితో తన్నాలన్నంత కోపమొచ్చింది. వంగి, ఎండలో ఉన్న కట్టలను ఒక్కొక్కటే ఎత్తి నీళ్లలోకి విసిరింది. అన్నీ అయ్యాక, "సరే" అని ఉమ్మేసినట్టు చెప్పి వెనక్కి తిరిగింది.

ఆ సాయంత్రం లత ఇంటికి వెళ్లి ఫోను గుమ్మం మీద పెట్టింది. "గేమ్యాకు రమ్మని చెయ్యి. ఒక్కటే" అని వచ్చేసింది. పొద్దున అన్న మాటలకు ఏమైనా చెప్పాలని ఉంది, కానీ కాళ్లు ఆగలేదు.

శనివారం తెల్లవారేసరికి ఆటో వచ్చింది. పొద్దు పొడిచేసరికి ముఠా సుగుణమ్మ పొలంలో దిగింది. ఏసమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా, ఎవరూ అందుకోలేనంత వేగంగా నాటుతోంది. కోపమంతా వేళ్లలోకి దిగినట్టు మొక్క వెంట మొక్క బురదలోకి దిగబడుతోంది. పక్క వరసలో కాటమ్మ ఆయాసపడుతూ వెనకబడింది. సుగుణమ్మ మంచినీళ్ల క్యాను తెప్పించి గట్టు మీద పెట్టించింది. ఏసమ్మ తాగలేదు.

ఎండెక్కాక ఫోను మోగింది. లత చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, గట్టెక్కి ఎత్తింది. అద్దం మీద ఒక్క గీత గీసినట్టు జరిపింది, అంతే.

"హలో... ఆ, ఏసమ్మ ముఠానే. ఆమె పనిల ఉన్నది. నాకు చెప్పుండ్రి."

ఏసమ్మ నడుమెత్తింది. "ఎవ్వరే? ఏ ఊరు? సోమవారం అయితే కుదరదని చెప్పు!" అని అరిచింది.

లత ఫోను చెవికి ఆనించుకునే, ఇటు తిరగకుండా, కాస్త ఆగమన్నట్టు చెయ్యెత్తి చూపించింది.

ఏసమ్మ ముఖంలోకి రక్తమంతా ఎగజిమ్మింది. ఈ ముఠాలో ఆమెను ఆగమన్నవాళ్లు ఇన్నేళ్లలో ఎవరూ లేరు. తిట్టు నోటిదాకా వచ్చింది. ఎవరు చూశారోనని చుట్టూ చూసింది. ఆడవాళ్లందరూ నాటు ఆపి నిలబడ్డారు. ఎవరూ ఆమె వంక చూడటం లేదు. వచ్చే వారం పని ఎక్కడో విందామని అందరూ గట్టు మీది లత వంకే చూస్తున్నారు. ఏసమ్మ కూడా చేతిలో నారుతో, బురదలో, ఆ పిల్ల మాట్లాడటం అయ్యేదాకా ఆగింది.